లోటస్ ఎలాన్‌కు ఇంట్లోనే కొత్త ఛాసిస్: విప్పడం నుంచి మళ్ళీ రోడ్డెక్కించే దాకా

ఒక రాత్రి సికింద్రాబాద్ సైనిక్‌పురి వీధుల్లో వెళ్తుంటే నా కారు హెడ్‌లైట్లు కునికిపాట్లు పడటం మొదలుపెట్టాయి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే చాలు, రెండు దీపాలూ మెల్లగా రెప్పలు వాల్చేవి. అది 1967 నాటి బ్రిటిష్ స్పోర్ట్స్ కారు లోటస్ ఎలాన్, మూడో సిరీస్. ఇందులో దీపాలను పైకి లేపి నిలబెట్టేది ఇంజిన్ పీల్పుతో పుట్టే శూన్యం. దాన్ని నిల్వ చేసుకునే డబ్బా విడిగా ఉండదు. ఛాసిస్ అంటే కారు బరువు మోసే ఉక్కు చట్రం. ముందు చక్రాల మధ్య ఉండే దాని అడ్డదూలమే ఆ డబ్బా. దూలానికి తుప్పుపట్టి చిల్లు పడితే గాలి చొరబడుతుంది, దీపాలు వాలిపోతాయి. ఎముకలోని జబ్బు కంట్లో బయటపడిందన్నమాట.

ఛాసిస్ మార్చక తప్పలేదు. రెండు నెలల్లో అయిపోతుందనుకున్న పనికి నాలుగు నెలలు పట్టింది. వెల్డింగ్ రాకపోయినా ఇది ఇంట్లో చేసుకోగలిగిన పనే. ఓపిక, చోటు, ఒక ఆదివారం పొద్దున్న ఎనిమిది మంది స్నేహితులు ఉండాలి.

ముందు కారు నిర్మాణం

ఎలాన్‌ను లోటస్ 1962లో లండన్ ఎర్ల్స్ కోర్ట్ ప్రదర్శనలో బయటపెట్టింది. రెండు సీట్ల ఎలాన్ల తయారీ 1973 దాకా సాగింది. దీని ఛాసిస్‌ను చూస్తే చేప ముల్లు గుర్తొస్తుంది. నడుమ పెట్టెలా మడిచిన పలుచని ఉక్కు రేకు వెన్నెముక, ముందు ఒక చీలిక, వెనక ఒక చీలిక. ముందు చీలికలో ఇంజిన్, వెనక చీలికలో చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్. ఖాళీ ఛాసిస్ బరువు సుమారు 34 కిలోలు, ఇద్దరు పట్టుకుంటే లేస్తుంది. దాని మీద ఫైబర్‌గ్లాస్ బాడీ గుర్రం మీద జీనులా కూర్చుంటుంది. బెంగళూరులో తయారైన సిపానీ డాల్ఫిన్ కారుదీ విడి ఛాసిస్, ఫైబర్‌గ్లాస్ బాడీయే కాబట్టి, కొలతలు, బోల్టుల చోట్లు వేరైనా పని వరుస దాదాపు ఇదే.

బాడీకి తుప్పు పట్టదు. మోసం అక్కడే ఉంది. పైన రంగు మిలమిలలాడుతుంటే కింద రేకు పెళుసుబారుతున్న సంగతి తెలియదు. ముందు చక్రం విప్పి, సస్పెన్షన్ నిలబడే స్తంభాన్ని స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. సంతలో కుండ కొనేటప్పుడు తట్టి చూస్తామే, అలాగే. గట్టి ఉక్కు ఖంగుమంటుంది, కుళ్ళినది మొద్దుగా పలుకుతుంది. స్తంభం అడుగున నీళ్ళు పోవడానికి ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అది బురదతో మూసుకుపోతే ప్రతి వానాకాలమూ నీళ్ళు లోపలే నిలిచి రేకును లోపలి నుంచి తింటాయి. నా కారులో కుడి స్తంభం అడుగున స్క్రూడ్రైవర్ మొన ఆనించి కొంచెం నొక్కితే అంగుళం లోపలికి దిగిపోయింది. ఆ పైన ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు.

చిన్న చిల్లు ఒకటే ఉంటే రేకు ముక్క వేసి అతికించవచ్చుగా అని అడుగుతారు. బయటికి ఒక చిల్లు కనబడిందంటే లోపల పది ఉన్నాయని నా లెక్క. పైగా ఛాసిస్ ఇంకా బాడీ కిందే ఉండగా వెల్డింగ్ చేస్తే ఫైబర్‌గ్లాస్ అంటుకుంటుంది. ఆ సాహసం వద్దు.

కాగితాలు: పానా పట్టకముందే

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్.సి.లో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కాబట్టి పాతది విప్పకముందే రవాణా శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి. ఆర్.సి.లోని ఛాసిస్ నంబరు బాడీకి రివిట్ చేసిన ప్లేటు మీద ఉందా, ఇనుము మీద కొట్టి ఉందా అన్నది చూసి ఫొటో తీసి ఉంచండి. పని మొత్తానికి ఆ ఫొటోయే సాక్ష్యం.

ఇంకో మెలిక ఉంది. కేంద్రం 2021 జులైలో తెచ్చిన నిబంధనలతో 50 ఏళ్ళు దాటిన వాహనాలను వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. వాటికి ‘వి.ఎ.’ అక్షరాలున్న నంబరు ఇస్తారు. కానీ బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్‌లోగానీ బాడీలోగానీ ఇంజిన్‌లోగానీ పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు అన్నది షరతు. మీకు ఆ ఉద్దేశం ఉంటే అసలు నమూనాలోనే చేసిన ఛాసిస్ తెప్పించుకోండి. గొట్టాలతో వేరే పద్ధతిలో కట్టిన ఛాసిస్‌లు కూడా దొరుకుతాయి, వాటిని మెచ్చుకునేవారూ ఉన్నారు. నేను మాత్రం పాత నమూనాకే మొగ్గు చూపాను. బాడీ దానికోసమే పుట్టింది, అధికారికి చూపించి ఒప్పించడమూ తేలిక.

పెట్టె విప్పగానే చేయాల్సింది

ఇప్పుడు దొరికే ఛాసిస్‌లకు జింకు పూత ఉంటుంది. దాదాపు 450 డిగ్రీల వేడిలో కరిగిన జింకులో ముంచి తీస్తారు. తుప్పును ఆపడానికి ఇంతకు మించినది లేదు. అయితే రెండు చిక్కులున్నాయి. ఒకటి, ఆ వేడికి పలుచని రేకు కాస్త వంగి ఉండవచ్చు. ఛాసిస్‌ను నేల మీద మట్టంగా పెట్టి, ముందు ఎడమ నుంచి వెనక కుడికి, ముందు కుడి నుంచి వెనక ఎడమకు ఐమూలగా కొలవండి. రెండు కొలతలూ కలవాలి. మూడు మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే వెనక్కి పంపడమే మంచిది. రెండోది, బోల్టు రంధ్రాల మరల్లో జింకు పేరుకుని ఉంటుంది. మర కోసే పనిముట్టు ట్యాప్‌కు నూనె రాసి, ప్రతి రంధ్రంలోనూ తిప్పి శుభ్రం చేయాలి. ఇవి అంగుళాల లెక్కలో ఉండే యు.ఎన్.ఎఫ్. రకం మరలు. మెట్రిక్ బోల్టును బలవంతంగా ఎక్కిస్తే సగం దాకా వెళ్ళి మర తెగుతుంది. సికింద్రాబాద్ రాణిగంజ్ దుకాణాల్లో ఓపికగా తిరిగితే యు.ఎన్.ఎఫ్. బోల్టులు దొరుకుతాయి. పాత బోల్టు ఒకటి జేబులో వేసుకుని వెళ్ళండి, నోటితో చెబితే ఎవరికీ అర్థం కాదు.

కాలం, చోటు

నవంబరులో మొదలుపెట్టండి. ఫైబర్‌గ్లాస్ పనికి తేమ పడదు, మే నెల ఎండ అసలే పడదు. కారు పొడవుకు రెండింతల చోటు కావాలి: ఒకవైపు బాడీ, ఒకవైపు ఛాసిస్. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చేయాలనుకునేవారు ముందు సంఘం కార్యదర్శితో మాట్లాడుకోవాలి. పెట్రోలు, ఫైబర్‌గ్లాస్ అతుకులకు వాడే రెసిన్ రెండూ ఉంటాయి కాబట్టి ఆయన కాదంటే తప్పు పట్టలేం.

పని బల్ల ఒకటి తప్పనిసరి. ఎలాన్ రూపకల్పనలో ముఖ్యుడు రాన్ హిక్‌మన్. ఆయన ఇంట్లో వడ్రంగి పని చేసుకుంటూ మంచి కుర్చీని బల్లగా వాడి రంపంతో పాడుచేశాడట. ఆ బాధలోంచే ప్రపంచమంతా వాడిన వర్క్‌మేట్ మడత బల్ల పుట్టింది. ఈ కారు విప్పుతూ డైనింగ్ టేబుల్ జోలికి పోతే ఆయన ఆత్మ క్షోభిస్తుంది.

కొలవడం, గుర్తు పెట్టడం

విసుగు పుట్టించే దశ ఇది. దీన్ని దాటవేసినవాళ్ళు చివర్లో ఏడుస్తారు. తలుపుల చుట్టూ సందులను నాలుగైదు చోట్ల కొలిచి రాసుకోండి. చక్రం మధ్య నుంచి పైన బాడీ అంచుకు ఎంత దూరమో నాలుగు చక్రాలకూ రాసుకోండి. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు 2134 మిల్లీమీటర్లు ఉండాలి, రెండు వైపులా కొలవండి. తాపీమేస్త్రి వాడే గుండు దారం, నీళ్ళ గొట్టం చాలు. నా కారులో ఎడమవైపు ఆరు మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది. ఎప్పుడో ఎవరో ఎక్కడో గుద్దారన్నమాట.

విప్పిన ప్రతి బోల్టుకూ చీటీ కట్టాలి. కాగితం మీద రాస్తే నూనె తగిలి వారంలో చెరిగిపోతుంది. కూల్‌డ్రింక్ డబ్బాలను కత్తిరించి ఆ రేకు ముక్కల మీద మేకుతో గీసి రాశాను, అక్షరం చెక్కుచెదరలేదు. స్టీరింగ్ ర్యాక్ కింద పలుచని రేకు బిళ్ళలు ఉంటాయి. అవి చెత్తలా కనబడతాయి. పారేశారో, గుంత వచ్చినప్పుడల్లా కారు తనంతట తాను పక్కకు తిరుగుతుంది. కుడివైపువి కుడి సంచిలో, ఎడమవైపువి ఎడమ సంచిలో వేయండి.

విప్పే వరుస

బ్యాటరీ తీయండి. ఏ కొస ఎర్తుకు కలిసి ఉందో రాసుకోవడం మరవద్దు. ఆనాటి బ్రిటిష్ కార్లలో పాజిటివ్ కొస ఎర్తుకు ఉండటం మామూలే. పెట్రోలు మొత్తం వంపేసి డిక్కీలోని ట్యాంకు బయటికి తీయండి. తరువాత రేడియేటర్, కార్బురేటర్లు, సైలెన్సర్, గేర్ రాడ్, సీట్లు, కార్పెట్లు. ఇంజిన్‌ను ఉంచి కూడా బాడీని ఎత్తవచ్చు గానీ ఎలాగూ కొత్త ఛాసిస్‌లోకి మార్చాల్సిందే కాబట్టి నేను ముందే చైన్ పుల్లీతో ఎత్తి తీసేశాను. స్టీరింగ్ జాయింటు, బ్రేకు, క్లచ్ గొట్టాలు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్, స్పీడోమీటర్ కేబుల్, పెట్రోలు గొట్టం, ఎర్తు తీగలు విడదీయండి.

సస్పెన్షన్‌నూ చక్రాలనూ మాత్రం ఇప్పుడే ముట్టుకోవద్దు. బాడీ లేచాక ఛాసిస్ దొర్లుకుంటూ బయటికి రావాలి.

తలుపులు తీస్తే బాడీ బరువు తగ్గుతుంది, కానీ తలుపులు లేని ఓపెన్ కారు బాడీ నడుమ దగ్గర వంగుతుంది. తలుపు తీసిన ఖాళీలో ముందు నుంచి వెనక్కి ఒక చెక్క పట్టీని అడ్డంగా బిగించండి. ముందు అద్దాన్ని నేను తీయలేదు.

ఎత్తడం

మా వీధి చివర సెంట్రింగ్ సామాను అద్దెకిచ్చే అతని దగ్గర నాలుగు స్టాండ్లు, రెండు లావుపాటి కర్రలు తెచ్చాను. స్టాండ్ల మీద కర్రలు పరిచి పాత బొంతలు చుట్టాను. ఎనిమిది మంది వచ్చారు. చక్రాల పైనున్న వంపుల దగ్గర నలుగురు, తలుపుల కింది అంచుల దగ్గర నలుగురు. పల్లకి మోసినట్టే ఇక్కడా ఒక్కరే పిలుపు ఇవ్వాలి, మిగతావాళ్ళు మాట్లాడకూడదు. ఛాసిస్‌ను కిందనుంచి లాగడానికి తొమ్మిదో మనిషి ఒకరు.

ఒకటి, రెండు, మూడు అన్నాను. మూడు మూలలు లేచాయి, నాలుగోది లేవలేదు. ఎండిన కొమ్మ విరగబోతున్నట్టు చిటచిటమని చప్పుడు. “దించండి, దించండి!” అని అరిచాను. సీటు బెల్టు బిగించిన చోట, పాత జిగురు గడ్డకట్టిన పొర కింద ఒక బోల్టు ఉండిపోయింది. పుట్టుమచ్చంత తల. ఇంకో రెండు అంగుళాలు ఎత్తి ఉంటే బాడీ నేల చీలిపోయేది. అందుకే చెబుతున్నాను, విప్పిన బోల్టులను లెక్కపెట్టడం చాలదు. ఎత్తకముందు ఒక మనిషి ఒక మూలను మాత్రమే వేలెడంత లేపాలి, ఇంకొకరు కింద పడుకుని టార్చితో వెతకాలి. నాలుగు మూలలూ అలా చూశాకే అందరినీ పిలవండి.

రెండోసారి పది నిమిషాల్లో పని అయిపోయింది. ఉప్మా తినడానికి పట్టిన సమయమే ఎక్కువ.

బాడీ అడుగు బాగుచేయడం

బాడీ తిరగబడి లేదు కాబట్టి కింద దూరి పని చేయాలి. బోల్టు రంధ్రాల చుట్టూ నక్షత్రాల్లా సన్నని పగుళ్ళు ఉంటాయి. పగులు మీద రంగు, పుట్టీ పూసి కప్పేయకండి. చుట్టూ అయిదు సెంటీమీటర్ల మేర ముతక గరుకు కాగితంతో పలుచగా ఏటవాలుగా అరగదీసి, లోపలి వైపు నుంచి రెసిన్‌లో తడిపిన గ్లాస్ మ్యాట్ (గాజు నార పట్టా) పొరలు వేయాలి. మ్యాట్‌ను కత్తెరతో కోయకుండా చేత్తో చింపితే అంచులు కలిసిపోతాయి. మాస్కు, కళ్ళద్దాలు, పొడుగు చేతుల చొక్కా ఉండాలి. గాజు పొడి పడి దురద పుడితే చల్లటి నీళ్ళతో కడుక్కోండి.

రెసిన్ గురించి ఒక్క మాట, దీన్ని రెండుసార్లు చదవండి. మన దగ్గర పాలియెస్టర్ రెసిన్‌తో పాటు రెండు చిన్న సీసాలు విడిగా ఇస్తారు. ఊదా రంగులో ఉండేది కోబాల్ట్ యాక్సిలరేటర్, నీళ్ళలా ఉండేది రెసిన్‌ను గట్టిపరిచే క్యాటలిస్ట్. ఈ రెండింటినీ నేరుగా ఎప్పుడూ కలపకూడదు, పేలుతుంది. ముందు కోబాల్ట్‌ను రెసిన్‌లో పూర్తిగా కలిపేయాలి. ఆ తరువాతే క్యాటలిస్ట్, అదీ నూటికి ఒకటి నుంచి రెండు పాళ్ళు. ఒక్కసారికి వంద గ్రాములు మించి కలపకండి. డిసెంబరు సాయంత్రం నింపాదిగా పూయడానికి టైముంటుంది. అదే ఏప్రిల్ మధ్యాహ్నం మగ్గులోనే గట్టిపడి పొగలు కక్కుతుంది.

భాగాలు కొత్త ఛాసిస్‌లోకి

ఒక మూల తరువాత ఒక మూల మార్చండి. నాలుగూ ఒకేసారి విప్పితే ఏది ఎక్కడిదో తెలియదు. వెనక చక్రాలకు శక్తినిచ్చే ఇరుసుల్లో రోటోఫ్లెక్స్ అనే గారె ఆకారపు రబ్బరు జాయింట్లు ఉంటాయి, మొత్తం నాలుగు. వీటి బోల్టులు చేత్తో రావు. రబ్బరు చుట్టూ పెద్ద హోస్ క్లిప్ వేసి కొంచెం బిగిస్తే అది ముడుచుకుని బోల్టు వదులవుతుంది. కొత్తవి ఇనుప పట్టీతో వస్తాయి, బిగించాక ఆ పట్టీని తీసేయాలి. రబ్బరు మీద పగుళ్ళు కనబడితే ఇప్పుడే మార్చండి.

ముందు సస్పెన్షన్ దగ్గరికి వచ్చేసరికి నాకు ఊరట కలిగింది. ఎలాన్ ముందు సస్పెన్షన్ ట్రయంఫ్ హెరాల్డ్ కుటుంబానికి చెందినది. మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్‌గా తయారైన కారుకు మాతృక ఆ హెరాల్డే. ఒకప్పుడు హెరాల్డ్‌లు బాగుచేసిన పాత మేస్త్రి ఒకాయన వచ్చి, నా చేతిలోని కంచు ట్రనియన్‌ను, అంటే ముందు చక్రం అటూ ఇటూ తిరిగే కీలును, చూసి, “దీనికి గ్రీజు పెట్టారా?” అన్నారు. పెట్టానన్నాను. “కడిగేయండి. దీనికి గేర్ ఆయిల్ పోయాలి. గ్రీజు మరల్లోకి పోదు, లోపల ఎండి తుప్పుపట్టి ఒకరోజు చక్రం ఊడి పక్కన పడుతుంది” అన్నారు. ఆయన మాట అక్షరాలా నిజం, ఇ.పి. 90 రకం గేర్ ఆయిల్ పోయాలి. కుడి, ఎడమ ట్రనియన్ల మరలు ఒకదానికొకటి వ్యతిరేక దిశలో ఉంటాయి, తారుమారు చేయకండి.

స్ప్రింగును విడదీయాల్సి వస్తే సరైన కంప్రెసర్ లేకుండా చేయవద్దు. తాడు కట్టి చేసే ప్రయోగాలు ఆస్పత్రిలో తేలతాయి.

రబ్బరు బుష్‌లున్న బోల్టులన్నీ ఇప్పుడు చేతి బిగువు వరకే. పూర్తి బిగింపు కారు తన బరువుతో నేల మీద నిలబడ్డాకే. గాలిలో బిగిస్తే రబ్బరు మెలిపడి కొద్ది నెలల్లో చిరుగుతుంది. బ్రేకు, పెట్రోలు గొట్టాలు వెన్నెముక లోపలి నుంచి వెళ్తాయి. బాడీ దిగాక అక్కడికి చెయ్యి దూరదు కాబట్టి పాతవి బాగున్నా కొత్తవే వేయండి.

బాడీ ఒప్పుకునేలా చేయడం

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. యాభై ఏళ్ళుగా వంగిన ఛాసిస్ మీద కూర్చున్న బాడీ ఆ వంపుకు అలవాటుపడి ఉంటుంది. నిటారైన కొత్త ఛాసిస్ మీద దించితే కొన్నిచోట్ల తేలి ఉంటుంది. ఆ సందును బోల్టుతో లాగి మూసేస్తే ఆ రోజు బాగానే ఉంటుంది, ఆరు నెలలకు అప్పడంలా పగులుతుంది.

సందు ఎంతుందో చూడటానికి వంటింట్లోకి వెళ్ళాను. చపాతీ పిండిని ఉసిరికాయంత ఉండలు చేసి, పలుచని ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, బోల్టు పడే ప్రతి చోటా ఛాసిస్ మీద పెట్టాను. బాడీని మెల్లగా దించి, దాని బరువుకు దానిని కూర్చోనిచ్చి, బోల్టులు వేయకుండానే మళ్ళీ ఎత్తించాను. నలిగిన ఉండల మందం కొలిస్తే చాలాచోట్ల ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు. వెనక ఎడమ మూల మాత్రం ఆరు. ఆ మూలే చక్రాల దూరం తగ్గిన మూల. అన్నిచోట్లా రెండు మిల్లీమీటర్ల రబ్బరు పట్టీ వేసి, ఆ ఒక్కచోట అల్యూమినియం బిళ్ళలతో తేడా పూడ్చాను. రెండోసారి ఉండలు పెట్టి చూస్తే అన్నీ దాదాపు ఒకే మందం. మా ఆవిడ మాత్రం ఆ వారం చపాతీలు చేయనంది.

అప్పుడు బోల్టులు. ప్రతి దాని కింద వెడల్పాటి వాషర్ ఉండాలి. నడుమ నుంచి మొదలుపెట్టి ఐమూలగా ముందుకూ వెనక్కూ, మూడు విడతలుగా బిగించండి. ప్రతి విడత తరువాత తలుపు వేసి చూడండి. మొదట రాసుకున్న సందులు మారుతుంటే ఆగి, వెనక్కి విప్పి, బిళ్ళ మార్చండి. నాకు ఈ ఒక్క దశకు మూడు శని, ఆదివారాలు పట్టాయి.

కరెంటు, బ్రేకులు, చక్రాలు

అంతా బిగించి తాళం తిప్పితే వెనక దీపాలు వెలగలేదు. హారన్ కొడితే ఇండికేటర్ మినుకుమంది. ఫైబర్‌గ్లాస్‌లో విద్యుత్తు పారదు. ఇనుప బాడీ కార్లలో ఎక్కడ తగిలించినా ఎర్తు దొరుకుతుంది, ఇక్కడ ప్రతి దీపం ఎర్తు తీగా ఛాసిస్ దాకా రావాలి. నేను అందం కోసం కొత్త ఛాసిస్‌కు నల్ల రంగు కొట్టించాను. ఎర్తు బోల్టుల కింద ఆ రంగు అడ్డుపడింది. ఎర్తు పడే ప్రతి చోటా రంగు గీకి జింకు బయటపడేలా చేసి, బిగించాక పైన గ్రీజు పూశాను. ఇంజిన్‌కూ ఛాసిస్‌కూ మధ్య లావుపాటి ఎర్తు తీగను మరిచిపోతే స్టార్టర్ కరెంటు చోక్ కేబుల్ గుండా వెళ్ళి దాన్ని కాల్చేస్తుంది.

దూలానికి శూన్యం గొట్టాలు తగిలించి, ఇంజిన్ నడిపి, దీపాలు లేపి, ఇంజిన్ ఆపండి. దీపాలు చాలాసేపు నిలబడితే మీ దూలం గట్టిది.

బ్రేకుల్లో గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికన్నా దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టండి. కారును నేల మీద దించి, సీట్లలో మనిషి బరువున్న బియ్యం బస్తాలు పెట్టి, అటూ ఇటూ నెట్టి, సస్పెన్షన్ బోల్టులన్నీ పూర్తిగా బిగించండి. ఆ తరువాతే చక్రాల అలైన్‌మెంట్.

మొదటి యాత్ర తెల్లవారుజామున, ఖాళీ వీధిలో, స్పీడ్‌బ్రేకర్లు తక్కువున్న చోట. వంద కిలోమీటర్లకు ఒకసారి, అయిదు వందలకు ఒకసారి బాడీ బోల్టులన్నీ పానాతో తడిమి చూడండి. రబ్బరు పట్టీలు సర్దుకుని కొన్ని వదులవుతాయి. జూన్ మొదటి వానకు ముందు స్తంభాల అడుగు రంధ్రాల్లో తీగ పెట్టి ఆడించండి.

పాత ఛాసిస్‌ను అప్పుడే అమ్మేయకండి. పాత ఇనుము కొనే అతను మా గేటు ముందు మూడుసార్లు ఆగి బేరమాడాడు. రవాణా శాఖ నుంచి పరిశీలనకు వచ్చే అధికారి పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూపించమంటే చూపించగలగాలి. కాగితం చేతికొచ్చే దాకా అది మా మామిడి చెట్టు కింద గోడకు ఆనుకుని ఉంటుంది.